కోనసీమ పి.గన్నవరం దగ్గర సమష్టి పొలంలో పది రోజుల బస, నెలవారీ బుట్ట: ఏది బాగుంది, ఏది బాగోలేదు

ఉద్యోగాలు వదిలేసి, ఒకే పొయ్యి మీద వండుకుని, పండించినదే తిని బతుకుదామని చేరిన కుటుంబాలు నడుపుతున్న పొలం ఇది. పి.గన్నవరం అక్విడక్టు, అంటే గోదావరి పాయ మీదుగా కాల్వను దాటించే వంతెన, దాటి కాల్వ గట్టు దిగితే ముందు కొబ్బరి మెరక, దాని వెనక వరి పల్లం. బోర్డు లేదు. పేరు రాయొద్దని వాళ్లే అడిగారు కాబట్టి ఇక్కడా రాయడం లేదు. బయటివాళ్లకు వీళ్లు ఇచ్చే సేవలు రెండు. ఒకటి పది రోజుల బస, శిక్షణ: పొద్దున్నే పొలం పని, మధ్యాహ్నం పాఠం, రాత్రి పద్దు చదవడం. భోజనంతో కలిపి మనిషికి 7,000 రూపాయలు. రెండోది బియ్యం, కొబ్బరినూనె, అరటిపళ్లతో నెలనెలా పంపే బుట్ట.

ఇలాంటి బతుకు తామూ మొదలుపెడదామనుకునేవాళ్లు తప్పకుండా వెళ్లి చూడాల్సిన చోటు. డెల్టాలో నేల మీద బతకాలంటే నీటిని ఎప్పుడు రానివ్వాలో, ఎప్పుడు పోనివ్వాలో తెలియాలి. ఆ పని ఇంత విప్పి చూపించే శిక్షణ ఈ చుట్టుపక్కల మరొకటి కనిపించలేదు. కొబ్బరిచెట్ల కింద నాలుగు రోజులు సేదతీరదామని వెళ్లేవాళ్లకు మాత్రం ఇది నచ్చదు.

మొదటి పాఠం మురుగు కాల్వ గట్టు మీద చెబుతారు. "ముందు మురుగు చూడండి, మట్టి తర్వాత చూద్దురుగాని" అని అక్కడి పెద్దాయన మొదలుపెట్టే తీరే సరైనది. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయింది, ఇప్పుడున్న బ్యారేజీ 1982 నాటిది. నీరు తెచ్చే కాల్వ గొప్ప గురించి గోదావరి జిల్లాల్లో ఎవరినడిగినా చెబుతారు. పంటను ముంచేది మురుగు కాల్వ. 2011లో కోనసీమ రైతులు సార్వాకు, అంటే వానాకాలం వరికి, పంట విరామం ప్రకటించినప్పుడు గిట్టుబాటు ధర, కూలి ఖర్చులతోపాటు పూడిపోయిన మురుగు కాల్వల మాట కూడా గట్టిగానే వినిపించింది. భూమి కొనడానికి వచ్చే కొత్తవాళ్లు నీరు తెచ్చే బోదె ఎంత దగ్గరో అడుగుతారు, మురుగు ఎటు పోతుందో అడగరు.

కొలిచే పద్ధతి తేలిక. పది మీటర్ల సన్నటి పారదర్శక గొట్టం, రెండు కర్రలు, ఒక స్కేలు చాలు. గొట్టం నిండా నీరు పోసి, రెండు కొనలూ కర్రలకు కట్టి, మడి నేలకూ మురుగు కాల్వలోని నీటి మట్టానికీ తేడా చూస్తారు. గొట్టంలో గాలి బుడగ మిగిలితే కొలత తప్పు, మళ్లీ మొదటికి రావాలి. వేసవిలో కాల్వ ఎండినప్పుడు కొలిచి మురిసిపోకూడదు. సెప్టెంబరు వానల్లో కొలిచిందే అసలు లెక్క. అప్పుడు కూడా జానెడు తేడా ఉండని మడిలో సార్వాకు పొట్టి రకం వేయొద్దని చెబుతారు. ఆ మాట నూటికి నూరుపాళ్లు నిజం.

మురుగు తూము దగ్గర వాళ్ల ఏర్పాటు దగ్గరకు వెళ్లి చూడాలి. సిమెంటు తూముకు రెండు పక్కలా గాడులు కొట్టి, వాటిలో ఒకదాని మీద ఒకటి కూర్చునేలా తాటి పలకలు దించారు. పలకకూ పలకకూ సందులో గోనెపట్టా, దాని మీద నల్లరేగడి ముద్ద. కాల్వ పొంగి నీరు ఎదురు తన్నితే పలకలన్నీ దించేస్తారు. కాల్వ తగ్గాక పై పలక ముందు తీసి పొలంలో నీటిని పలచగా వదులుతారు. తొందరపడి కింది పలక ముందు లాగితే ఒరవడికి తూము పక్కన గట్టు కోసుకుపోతుంది. ఇనుప తలుపు పెట్టుకోకపోవడానికీ కారణం ఉంది. మురుగులో నాని మర తుప్పుపడితే, అవసరమైన రోజునే అది కదలదు.

వరిలో సగం స్వర్ణ, సగం దేశవాళీ. స్వర్ణను, అంటే ఎంటీయూ 7029ని, మారుటేరు పరిశోధన కేంద్రం 1982లో విడుదల చేసింది. 145, 150 రోజుల పంట. సేంద్రియం అనగానే దేశవాళీ విత్తనమే వేయాలన్న పట్టుదల ఇక్కడ లేకపోవడం మెచ్చుకోదగ్గది. ఒండ్రు నేలలో బహురూపి లాంటి పొడుగు రకాలు బాగా ఎదుగుతాయి, సరిగ్గా గింజ బరువెక్కే వేళకు తుఫాను గాలి వస్తుంది, చేను పడుతుంది. 1996 నవంబరు తుఫానును చూసిన కోనసీమకు ఇది ఎవరూ చెప్పక్కర్లేదు. పడిన చేనులో ముందు నీరు తీసేయడం, తర్వాత నాలుగైదు దుబ్బులు కలిపి నిలబెట్టి కట్టడం, గింజ మొలకెత్తకుండా లీటరు నీటికి 50 గ్రాముల ఉప్పు కలిపి వెన్నుల మీద కొట్టడం నేర్పుతారు. ఈ మూడింటి వరస మారితే మూడూ వృథా.

లేత నారును ఎడంగా నాటి, తక్కువ నీటితో వరి పండించే శ్రీ సాగును సార్వాలో చూపించరు. చాలామంది శిక్షకులు ఇక్కడే తప్పుతారు. 8 నుంచి 12 రోజుల నారు, 25 సెంటీమీటర్ల ఎడం, ఎకరాకు 2 కిలోల విత్తనం కాగితం మీద బాగానే ఉంటాయి. కానీ మడిలో నీరు పలచగా ఉంచగలిగితేనే అది శ్రీ. పల్లపు మడిలో సార్వా నీరు రైతు చేతిలో ఉండదు, అంత లేత నారు మునిగి కుళ్లిపోతుంది. వానలు తగ్గాక వేసే రెండో పంటకు, దాళ్వాకే పెట్టుకోండి అంటారు. సార్వాలో మామూలు ఊడ్పే, అయితే ప్రతి 2 మీటర్లకు 20 సెంటీమీటర్ల కాలిబాట తూర్పు పడమరలుగా వదులుతారు. గాలి, ఎండ మొదలు దాకా దిగకపోతే వరి రసం పీల్చే సుడిదోమ అక్కడే కాపురం పెడుతుంది. మందు కొట్టని పొలంలో ఆ బాటే మొదటి మందు.

పేడ, మూత్రం పులియబెట్టి నేలకు పోసే జీవామృతం పాఠంలో కొలతలు అందరికీ తెలిసినవే: ఎకరాకు 200 లీటర్ల నీరు, 10 కిలోల నాటు ఆవు పేడ, 10 లీటర్ల మూత్రం, 2 కిలోల బెల్లం, 2 కిలోల పప్పుపిండి, గట్టు మీది పిడికెడు మట్టి. నీడలో 48 గంటలు, రోజుకు రెండుసార్లు కలపాలి, వారంలోపు వాడేయాలి. ఇక్కడ అదనంగా నేర్చుకునేది ఏమిటంటే, అది ఎందుకు పనిచేయకుండా పోతుందో. డ్రమ్ము మూత బిగించేస్తే లోపల కుళ్లు వాసన పడుతుంది. గోనెపట్టా కప్పితే చాలు. మడిలో మోకాటి లోతు నీరుండగా పోస్తే, పోసినదంతా మర్నాటికి మురుగు కాల్వ పాలవుతుంది. అందుకే తూము పలకలు దించి, నీరు రెండంగుళాలకు తగ్గాక, బోదె నుంచి మడిలోకి నీరు దిగే చోట సన్నటి ధారగా వదులుతారు. దాళ్వా అయ్యాక ఎకరాకు 12 కిలోల జీలుగ విత్తనం పచ్చిరొట్టకు చల్లి, పూతకు వచ్చే 45 రోజులకు కలియదున్నడం కూడా ఉంది. నేలలో పదును ఉండగానే చల్లేయాలి. ఏప్రిల్‌లో కాల్వ కట్టేస్తారు కాబట్టి ఆలస్యమైతే మొలకే రాదు.

పేడ గుంటలు ఎక్కడ పెట్టారో చూస్తే మాత్రం బాధ కలుగుతుంది. కొబ్బరి తోట మధ్యలో పెట్టారు. కొమ్ము పురుగు గుడ్లు పెట్టేది మాగుతున్న పేడలోనే, దాని లద్దెపురుగులు పెరిగేదీ అందులోనే. అవి పురుగులై ఎగిరి పక్క చెట్టు మొవ్వు తొలుస్తాయి. విచ్చుకున్న ఆకు కత్తెరతో కోసినట్టు మూలగా తెగి ఉంటే ఆ పురుగు పనే. అలాంటి ఆకులు ఈ తోటలో మొదటి వరసలోనే కనిపిస్తాయి. గుంటలో లద్దెలను చంపే మెటారైజియం శిలీంధ్రం కలపాలి, ఎరువు తిరగేసినప్పుడల్లా లద్దెలు ఏరాలి, లేత చెట్ల మొవ్వు పక్క ఆకు సందుల్లో వేపపిండి, ఇసుక సమంగా కలిపి వేయాలి. మెటారైజియం కలుపుతున్నారు కానీ గుంటలు కదిలించలేదు. అంబాజీపేట కొబ్బరి పరిశోధన కేంద్రం దగ్గరలోనే ఉంది. తెల్లదోమకు అక్కడినుంచి ఐసేరియా శిలీంధ్రం తెచ్చి కొడుతున్నవాళ్లు గుంటల సంగతీ అడిగి ఉండాల్సింది.

ఇక మరుగుదొడ్లు. ఈ బసలో అతి పెద్ద లోటు ఇదే. వానాకాలంలో మూడు నాలుగు అడుగుల్లోనే నీరు తగిలే నేలలో గుంట దొడ్డి పెడితే, ఆ మురుగు బావి నీటిలోనే కలుస్తుంది. కాబట్టి నేల మీద ఎత్తుగా కట్టిన రెండు గదుల పొడి దొడ్లు పెట్టారు. ఆలోచన సరైనదే. మలం ఒక గదిలోకి, మూత్రం వేరే గొట్టంలోకి, కడిగిన నీరు మెట్టతామర, అరటి మొక్కల మడిలోకి పోతాయి. వెళ్లిన ప్రతిసారీ ఒక డబ్బా బూడిద, కొబ్బరి పీచు పొట్టు కలిపి చల్లాలి. ఒట్టి ఊక చల్లితే తడి పీల్చదు, ఈగలు ముసురుతాయి. ఒక గది నిండాక మూసేసి రెండోది వాడతారు. మూసిన గదిని కనీసం ఆరు నెలలు ముట్టుకోకూడదు.

ఆరు కుటుంబాలకు లెక్కవేసి కట్టిన గదులు అవి. ఇప్పుడు పందొమ్మిది కుటుంబాలు ఉన్నాయి, వాటికి తోడు శిక్షణకు వచ్చేవాళ్లు. రెండో గది నాలుగు నెలలకే నిండుతోంది, మొదటి గది ఎరువు ఇంకా పచ్చిగానే ఉండగా తెరవాల్సి వస్తోంది. ఆ తడి, ఆ వాసన, ఆ ఈగలు అక్కడినుంచే. దొడ్డి నమూనాలో తప్పేమీ లేదు. మూడో, నాలుగో గది కట్టాలి, అప్పటిదాకా శిక్షణకు తీసుకునేవాళ్ల సంఖ్య తగ్గించాలి. పిల్లలున్న చోట ఇది వాయిదా వేయదగ్గ పని కాదు.

తాగునీరు కూడా అంతే. కోనసీమ దిగువన పై పొరలో తియ్యటి నీరు ఉంటుంది, కిందికి పోయేకొద్దీ ఉప్పు. మోటారు ఎక్కువసేపు తిప్పితే కింది ఉప్పునీరు పైకి ఎగదన్నుతుంది. ఇక్కడ చేతిపంపు నీటిని మీటరుతో వారానికోసారి కొలిచి గోడ మీద రాస్తున్నారు, అది మంచి అలవాటు. కరిగిన లవణాలు లీటరుకు 500 మిల్లీగ్రాములలోపు ఉండాలన్నది తాగునీటి ప్రమాణం. వేరే దిక్కు లేనప్పుడు 2,000 దాకా ఒప్పుకుంటుంది. కాల్వ కట్టేసిన వేసవి రోజుల్లో గోడ మీది అంకె ఎలా ఎక్కిందో చూసుకునే వెళ్లండి. ఆ నెలల్లో ఊరి చెరువు నీరు బిందెలతో తెచ్చుకుంటున్నారు, కాచి వడపోసి ఇస్తారు.

భోజనం గురించి ఫిర్యాదు లేదు. దంపుడు బియ్యం అన్నం, పులుసు, కంద బచ్చలి, మజ్జిగ. వంటకు రెండు ఘనమీటర్ల గోబర్ గ్యాస్ ఉంది. దానికి రోజుకు సుమారు 50 కిలోల పేడ, అంతే నీరు కావాలి, వచ్చే గ్యాస్ ఒక చిన్న కుటుంబానికి సరిపడేంతే. అందుకని పెద్ద వంట కొబ్బరి డొక్కల మీదే, గ్యాస్ టీకీ కూరలకీ. ఈ సీమలో ఆకలిగా వచ్చినవాడికి అన్నం పెట్టడం కొత్త కాదు, అన్నదానంతో పేరొంది, అక్విడక్టుకు తన పేరు పెట్టించుకున్న డొక్కా సీతమ్మగారి ఊరే లంకల గన్నవరం. ఈ పొలంలో కొత్తగా ఉన్నది వండింది ఎవరని అడగకపోవడం. కులం పేరు చివర పెట్టుకోరు, ఒకే బంతిలో కూర్చుంటారు, వంట వంతుల పట్టికలో మగవాళ్ల పేర్లు ఆడవాళ్లతో సమానంగా ఉన్నాయి. కోనసీమలో ఇది ఎంత పెద్ద మాటో ఇక్కడ పుట్టినవాళ్లకు తెలుసు. సేంద్రియ సాగు చేసేవాళ్లు చాలామందే ఉన్నారు, ఈ బంతి నడిపేవాళ్లు తక్కువ.

రాత్రి పద్దు చదవడం ఈ శిక్షణలో రెండో గొప్ప భాగం. లెక్క నేరుగా ఇలా చెబుతారు: మనిషికి రోజుకు 400 గ్రాముల బియ్యం అంటే ఏడాదికి దాదాపు 146 కిలోలు. 75 కిలోల ధాన్యం బస్తాకు 50 కిలోల బియ్యం వస్తుందనుకుంటే తలకు మూడు బస్తాలు. అరవై మందికి 180 బస్తాలు. మందులు లేని సార్వాలో ఎకరాకు 20 బస్తాలు పట్టుకున్నా 9 ఎకరాలు కావాలి. వీళ్ల పల్లం ఎనిమిది. అంటే జనం పెరిగిన వేగానికి తిండిగింజలే అంచున ఉన్నాయి. పప్పు, ఉప్పు, బట్ట, ఆసుపత్రి ఖర్చు కొబ్బరి మీద, శిక్షణ మీద రావాలి. ఈ అంకెను వచ్చినవాళ్ల ముందు దాచకుండా చదవడం నిజాయితీ.

ఈ చిక్కు ప్రపంచంలో ఇలాంటి ఊళ్లన్నిటికీ వచ్చిందే. అమెరికాలోని టెనసీలో 1971లో స్టీఫెన్ గాస్కిన్ వెంట బస్సుల్లో వచ్చిన యువత 'ది ఫార్మ్' పెట్టింది. 1,750 ఎకరాల దాకా సమకూర్చుకున్నారు, జనం వెయ్యి దాటారు, ఖజానా అందరికీ ఒకటే. అప్పులు మీదపడేసరికి 1983లో ఉమ్మడి ఖజానా వదిలి, వయసొచ్చినవాళ్లు ఒక్కొక్కరూ నెలకు ఇంత కట్టే పద్ధతికి మారారు. ఆ మార్పుతో చాలామంది వెళ్లిపోయారు. వర్జీనియాలో 1967లో మొదలైన ట్విన్ ఓక్స్ మాత్రం ఉమ్మడి ఖజానాతోనే నిలిచింది. వల ఊయలలు, టోఫు తయారుచేసి అమ్మారు, ప్రతి మనిషి పని గంటలకు లెక్క పెట్టారు, వంటనూ పిల్లల పెంపకాన్నీ ఆ గంటల్లోనే కలిపారు. మన దగ్గర 1990లో అప్పటి అనంతపురం జిల్లా చెన్నేకొత్తపల్లి దగ్గర 32 ఎకరాల బీడు మీద మొదలైన టింబక్టు కలెక్టివ్ ఇంకో దారి పట్టింది. తన కంచె లోపలే జనాన్ని పెంచుకోకుండా చుట్టుపక్కల ఊళ్ల రైతులతో, ఆడవాళ్ల పొదుపు సంఘాలతో కలిసి ఎదిగింది. గన్నవరం పొలం ఇప్పుడు వారానికి 40 గంటల పద్ధతిలో, వంటకూ ఊడ్పుకూ ఒకే విలువతో, ట్విన్ ఓక్స్ దారిలో ఉంది. ఎనిమిది ఎకరాల పల్లంతో టింబక్టు దారే నయమని ఈ సమీక్ష అభిప్రాయం: కొత్త కుటుంబాలను లోపలికి తీసుకోవడం ఆపి, పక్క ఊరి రైతులతో కలిసి విత్తనం, గానుగ, అమ్మకం నడపాలి. రైతులే ఒకరి పొలం ఒకరు తనిఖీ చేసుకునే పీజీఎస్ సేంద్రియ గుర్తింపుకు ఎలాగూ కనీసం ఐదుగురు రైతుల బృందం కావాలి.

భూమి కాగితాల పాఠం గంటలో ముగించేస్తారు, అది చాలదు. మక్తాకు, అంటే కౌలుకు, తీసుకునే పొలానికి 2019 పంట సాగుదారు హక్కుల చట్టం కింద 11 నెలల కార్డు తీసుకోవచ్చు, దానికి యజమాని ఒప్పుకోలు కావాలి. కార్డు లేకపోతే పంట రుణం, నష్టపరిహారం యజమాని పేరు మీదే పోతాయి. ఈ సంగతి చెప్పారు. ప్రభుత్వం పేదలకిచ్చిన డి-పట్టా భూములు, ఏటిగట్టు లోపలి లంక భూములు చవకగా వస్తున్నాయని కొనొద్దన్న హెచ్చరిక మాత్రం గట్టిగా చెప్పలేదు. లంకలో నేల ఎంత సారవంతమైనా వరద గోదారి ఎప్పుడు కోసుకుపోతుందో చెప్పలేం, 1986 వరదల్లో ఏం జరిగిందో ఏటిగట్టు ఊళ్లలో పెద్దవాళ్లను అడగండి. సంఘంగా నమోదు కావాలనుకుంటే 1995 నాటి పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం అనువైనది. దాని మీద ఒక పూట పాఠం పెట్టాలి.

బుట్ట సంగతి. బియ్యం బాగున్నాయి. ధాన్యాన్ని 14 శాతం తేమకు ఎండబెట్టి, ధాన్యంగానే దాచి, ఏ నెల బియ్యం ఆ నెలే ఆడిస్తారు. దంపుడు బియ్యంలో తవుడు మిగులుతుంది కాబట్టి నెల దాటితే ముక్క వాసన వస్తుంది, పురుగు పడుతుంది. ఐదు కిలోల కంటే ఎక్కువ తెప్పించుకోవద్దు. కొబ్బరినూనె ఎండాకాలం సీసా తెరిస్తే వంటిల్లంతా వాసన. వానాకాలం సీసా అంత మంచిది కాదు: కురిడీ ముక్కల్లో తేమ 6 శాతానికి దిగకుండానే గానుగకు వేసినట్టుంది, అడుగున మడ్డి, రెండు నెలలకే చిక్కువాసన. ఎండ లేని రోజుల్లో డొక్కల పొగ తగలని ఆరబెట్టు గది ఒకటి కావాలి. గంధకం పొగ పెట్టకపోవడం మాత్రం మెచ్చుకోవాలి. అరటిపళ్లు కర్పూర చక్కెరకేళి అయితే దారిలో నలగవు, అమృతపాణి వద్దని ముందే చెప్పండి.

బుట్టలో పెట్టే చీటీ మార్చాలి. 'మా చేతులతో పండించినవి' అని ఉంటుంది. ఊడ్పుకూ కోతకూ పక్క ఊళ్ల నుంచి కూలీలు వస్తారు, కొబ్బరి దింపుకు దింపు కార్మికులు వస్తారు. వాళ్ల కూలి పద్దులో నిక్కచ్చిగా రాసి ఉంది, సమయానికి ఇస్తున్నారు కూడా. చీటీ మీద వాళ్ల చేతులకూ చోటుండాలి.

వెళ్లదలిస్తే జులై చివర, ఆగస్టులో, సార్వా ఊడ్పులప్పుడు వెళ్లండి. తూము, మురుగు, నారుమడి అన్నీ పనిలో ఉండేది అప్పుడే. ఏప్రిల్, మే నెలల్లో నీరుండదు, పాఠం సగమే. డబ్బు కట్టేముందు రెండు సంగతులు అడగండి: ఆ విడతలో ఎంతమందిని తీసుకుంటున్నారు, దొడ్డి కొత్త గదులు పూర్తయ్యాయా. పన్నెండు మందికి మించి తీసుకుంటున్నామంటే మరో విడతకు మారండి. మోకాళ్ల దాకా వచ్చే రబ్బరు బూట్లు ఊడ్పు మడిలో బురదకు అంటుకుపోతాయి, తెచ్చుకోవద్దు. సన్నటి టార్చిలైటు, దోమతెర, గాయానికి పట్టీలు తెచ్చుకోండి. ధనుర్వాతం టీకా వేయించుకుని ఎంతకాలమైందో చూసుకుని బయల్దేరండి.